క్రీడాకారుల దినచర్య

శారీరక దారుఢ్యాన్ని, ఆటలోని సామర్థ్యాన్ని నిలబెట్టే నిత్యపు అలవాట్లన్నిటినీ కలిపి క్రీడాకారుల దినచర్య అంటారు. నిద్ర, ఆహారం, నీరు, సన్నాహక వ్యాయామం, విశ్రాంతి ఇందులో ముఖ్యమైనవి. సాధన కండరాలను అలసటకు గురిచేస్తుంది. ఆ అలసట నుంచి తేరుకునే వేళలోనే శరీరం మునుపటికంటె కొంత మెరుగైన స్థితికి చేరుతుంది కనుక, మైదానంలో పడిన శ్రమ ఫలించడం మిగిలిన గంటలు గడిచే తీరుపై ఎంతగానో ఆధారపడుతుంది.

నిద్ర: పెద్దలకు రాత్రికి కనీసం 7 గంటల నిద్ర అవసరం. కణజాలాల మరమ్మతుకు తోడ్పడే పెరుగుదల హార్మోను గాఢనిద్రలో ఎక్కువగా విడుదలవుతుంది. నిద్ర చాలకపోతే చురుకుదనం, నిర్ణయశక్తి తగ్గుతాయి.

ఆహారం: బియ్యం, జొన్న, రాగి వంటి ధాన్యాలలోని పిండిపదార్థాలు గ్లూకోజుగా మారి, కండరాలలోను కాలేయంలోను గ్లైకోజెన్ అనే నిల్వ ఇంధనంగా చేరతాయి. తీవ్రమైన శ్రమ చాలాసేపు సాగితే ఈ నిల్వ తరిగిపోయి కాళ్లలో సత్తువ సన్నగిల్లుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సామాన్య వయోజనులకు రోజుకు కిలో శరీర బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులను సూచించగా, క్రీడాకారులకు 1.2 నుంచి 2 గ్రాముల వరకు కావాలని క్రీడావైద్య నిపుణులు చెబుతారు. అందువల్ల అన్నమే ప్రధానమైన తెలుగు భోజనంలో వారికి పప్పు, పెరుగు, గుడ్లు, చేపల వాటా పెరగవలసి ఉంటుంది.

నీరు: చెమట ఆవిరైనప్పుడే ఒంటి వేడి తగ్గుతుంది. కోస్తా ఉక్కపోతలో అది త్వరగా ఆవిరి కాదు కాబట్టి చెమట ధారలు కట్టినా శరీరం చల్లబడదు. శరీర బరువులో 2 శాతానికి మించి నీరు పోతే రక్తపరిమాణం తగ్గి, గుండె వేగంగా కొట్టుకుని, ఓర్పు క్షీణిస్తుంది. సాధనకు ముందూ తరువాతా బరువు చూసుకుంటే ఈ నష్టం తెలుస్తుంది. చెమటతో సోడియం కూడా పోతుంది కనుక, దీర్ఘశ్రమ తరువాత ఉప్పు కలిపిన మజ్జిగ వట్టి నీటికంటె మేలు.

సన్నాహం, విశ్రాంతి: ఆటకు ముందు మెల్లని పరుగు, కీళ్ల కదలికలు కండరాలను వేడెక్కించి వాటి పనితీరును పెంచుతాయి. వారంలో విశ్రాంతికి చోటివ్వకుండా సాగే సాధన గాయాలకు, అతిశ్రమకు దారితీస్తుంది.

నియమం: 2016 రియో ఒలింపిక్స్‌కు ముందు బ్యాడ్మింటన్ శిక్షకుడు పుల్లెల గోపీచంద్ తన శిష్యురాలు పి.వి. సింధును మూడు నెలలు ఫోనుకు దూరంగా ఉంచారు. పోటీల రోజుల్లో ఐస్‌క్రీమ్ కూడా తిననివ్వలేదు. ఆ ఒలింపిక్స్‌లో ఆమె గెలిచిన రజతానికి అదొక్కటే కారణం కాకపోయినా, శిక్షకుని బాధ్యత కోర్టు గీతలు దాటి క్రీడాకారుల నిత్యజీవితం దాకా విస్తరిస్తుందనడానికి ఇది ఉదాహరణ.