సరాయి, కళాశాల: ఢిల్లీ విద్యాచరిత్రలో కొన్ని ఘట్టములు

దక్షిణ ఢిల్లీలో ఐ.ఐ.టి. ప్రాకారమునకు ప్రక్కనే జియా సరాయ్ అను చిన్న గ్రామము కలదు. దానిని గ్రామమనుట పూర్వపు అలవాటు చేతనే గాని, పొలములు పోయి చిరకాలమైనది. బేర్ సరాయ్, కత్వారియా సరాయ్, కాలూ సరాయ్, లాడో సరాయ్, యూసుఫ్ సరాయ్, షేక్ సరాయ్ అని ఆ పరిసరములందు ఇట్టి పేర్లు అనేకములు వినవచ్చును. సరాయి యనగా బాటసారులు బస చేయు సత్రము. ఒకదాని తరువాత నొకటిగా వెలసిన ఢిల్లీ నగరములకు వచ్చిపోవువారికి రాత్రి తలదాచుకొన చోటు కావలెను గదా! ఆ అవసరమే ఈ పేర్లలో నిలిచియున్నది.

నేడు జియా సరాయ్‌లో దిగువారు విద్యార్థులు. మంచమును, బల్లయు పట్టగా నడచుటకు చోటు మిగులని గదులు. వీధిలో శిక్షణకేంద్రముల పలకలు, జిరాక్సు దుకాణములు, పాత పుస్తకముల అంగళ్లు, మెస్సులు. ఇంజనీరింగు సర్వీసులకును, అధ్యాపక అర్హత పరీక్షలకును, ఉన్నత విద్యాలయముల ప్రవేశ పరీక్షలకును సిద్ధపడు యువకులు దేశము నలుమూలలనుండి వచ్చి ఒకటి రెండేండ్లు అచ్చట గడపి పోవుచుందురు. పరీక్ష గట్టెక్కినవాడును పోవును, గట్టెక్కనివాడును పోవును. చదువు సాగుచున్నది గాని, ఆ ఊరి పేరు మాత్రము సరాయి గానే యున్నది.

సత్రమునకును కళాశాలకును భేదమేమి? రెంటను పైకప్పు కలదు, పడక కలదు, భోజనము కలదు. ఈ ప్రశ్నకు సమాధానము ఢిల్లీ చరిత్రలోనే కలదు. ఆ చరిత్రతో తెలుగువారికి సంబంధము లేకపోలేదు.

జియా సరాయ్‌కి ఉత్తరమున, నడచిపోదగినంత దూరమున, హౌజ్ ఖాస్ తటాకము కలదు. సిరి నగరమునకు నీటికై అలాఉద్దీన్ ఖిల్జీ (1296–1316) దానిని త్రవ్వించెను. అది పూడిపోగా ఫిరోజ్ షా తుగ్లక్ (1351–1388) పూడిక తీయించి, గట్టుపై రెండంతస్తుల విద్యాలయమును కట్టించెను. విద్యార్థులుండిన చిన్న గదులను, గాలి వెలుతురు వచ్చు మంటపములను నేటికిని అచ్చట చూడవచ్చును. గురువులును శిష్యులును ఒకే చోట నివసించుచు, ఒకే నీటి ఒడ్డున ధర్మశాస్త్రమును చదువుకొనిరి. ఆ కాలపు చరిత్రకారుడు జియాఉద్దీన్ బరనీ ఈ విద్యాలయమును మిక్కిలి ప్రశంసించియున్నాడు.

ఈ విద్యాలయము వర్ధిల్లిన దినములలో ఢిల్లీ రాజ్యమునకు వజీరుగా నుండినవాడు ఖాన్-ఇ-జహాన్ మక్బూల్. అతడు తిలంగాణీ, అనగా తెలుగు దేశీయుడు. 1323లో ఓరుగల్లు పడిపోయిన తరువాత ప్రతాపరుద్రుడు ఢిల్లీకి గొనిపోబడుచు దారిలో మరణించెను. ఆ రాజు కొలువులో నుండిన ఈ అధికారి మాత్రము ఢిల్లీ చేరి, మతము మార్చుకొని, సుల్తానుల విశ్వాసమును సంపాదించెను. కాకతీయుల సేనానియైన గన్నమ నాయకుడే ఇతడని చరిత్రకారులు గుర్తించిరి. ఫిరోజ్ షా దూర దండయాత్రలకు పోయినపుడు రాజధాని పాలనాభారమంతయు ఇతని భుజములపైననే యుండెను. ఇంతటివాడు చదువను వ్రాయను నేర్వడనియు, అయినను గొప్ప వివేకవంతుడనియు షమ్స్-ఇ-సిరాజ్ అఫీఫ్ వ్రాసియున్నాడు. ఢిల్లీలో అష్టకోణాకృతిని కట్టబడిన మొదటి సమాధిగా పేరొందిన కట్టడము నిజాముద్దీన్ పరిసరములందు కలదు, అది ఇతనిదే. అక్షరము రాని తెలుగువాడు రాజ్యభారమును వహించుచుండగా హౌజ్ ఖాస్ గట్టున అక్షరాభ్యాసము నిరాటంకముగా సాగినదన్నమాట.

ఆ వైభవము రాజాశ్రయముపై నిలిచినది. 1398 డిసెంబరులో ఢిల్లీని జయించిన తైమూరు ఈ తటాకపు ఒడ్డుననే విడిసెను. పిమ్మట ఆ నగరము తేరుకొనుటకు చాల కాలము పట్టెను. గదులు మిగిలినవి, పాఠము చెప్పువారును వినువారును మిగులలేదు. విద్యాలయమునకు కట్టడము దేహమే గాని ప్రాణము కాదని ఆ శిథిలములు చెప్పకయే చెప్పుచున్నవి.

రెండవ ఘట్టము అజ్మీరీ దర్వాజా వెలుపల జరిగినది. ఔరంగజేబు సేనానులలో ప్రముఖుడైన గాజీఉద్దీన్ ఖాన్ 17వ శతాబ్ది తుది దినములలో అచ్చట ఒక మదరసాను నెలకొల్పెను. ఇతడు హైదరాబాదులో ఆసఫ్‌జాహీ వంశమును స్థాపించిన నిజాముల్ ముల్కునకు తండ్రి. 1710లో మరణించిన యతని సమాధి ఆ ఆవరణమునందే యున్నది. మదరసా క్షీణించిన పిమ్మట ఈస్టిండియా కంపెనీ వారు 1825లో దానిని ఢిల్లీ కాలేజీగా మార్చిరి. 1828లో ఇంగ్లీషు శాఖ చేరినది. 1829లో నవాబ్ ఇతిమాదుద్దౌలా ఒక లక్షా డెబ్బదివేల రూపాయలను విరాళముగా నొసగెను. ఆ కాలమున అది సామాన్యమైన మొత్తము కాదు.

ఈ కళాశాల పెద్దది కాదు. కాని అచ్చట ఒక విశేషము జరిగినది. గణితము, ఖగోళము, ప్రకృతి శాస్త్రము, చరిత్ర మున్నగు నవీన విద్యలను ప్రాచ్యశాఖ విద్యార్థులకు ఉర్దూలోనే బోధించిరి. బోధించుటకు పుస్తకములు లేవు. కనుక వానిని వ్రాయవలసివచ్చెను. 1840 తరువాత ఫెలిక్స్ బూత్రో, ఆయన పిదప ఎలోయిస్ స్ప్రెంగర్ అధ్యక్షులుగా నుండగా అనువాద సంఘము పని ముమ్మరముగా సాగెను. అధ్యాపకులే అనువాదకులు, నేటి విద్యార్థి రేపటి అనువాదకుడు. గణితాధ్యాపకుడైన మాస్టర్ రామచంద్ర 1850లో గరిష్ఠ కనిష్ఠముల సమస్యలపై ఇంగ్లీషున ఒక గ్రంథమును ప్రకటింపగా, దానిని డి మోర్గాన్ మెచ్చి 1859లో లండనులో పునర్ముద్రింపించెను. ఆ రామచంద్రయే ఉర్దూలో పత్రికలు నడపి, శాస్త్రవిషయములను సామాన్యులకు అందించెను.

కవి గాలిబును గురించిన కథ యొకటి ఈ కళాశాలకు సంబంధించి ప్రసిద్ధమై యున్నది. 1842లో ఫారసీ అధ్యాపక పదవికై ఆయనను పిలిపింపగా పల్లకిలో పోయెను. తనను ఎదుర్కొనుటకు దొరగారు వాకిటికి రానందున, ఉద్యోగము వలన గౌరవము పెరుగవలెను గాని తరుగరాదని తలచి, వెనుదిరిగి పోయెను. ఈ కథను గ్రంథస్థము చేసినవాడు మహమ్మద్ హుస్సేన్ ఆజాద్. ఆయనయు ఆ కళాశాల విద్యార్థియే. ఉర్దూ కవుల చరిత్రయగు ఆయన గ్రంథము ‘ఆబె హయాత్’ 1880లో వెలువడెను. ‘మిరాతుల్ ఉరూస్’ అను నవలను 1869లో ప్రకటించిన నజీర్ అహ్మద్, చరిత్రకారుడు జకాఉల్లా, వీరును ఆజాద్ సహాధ్యాయుల తరమువారే. నజీర్ అహ్మద్ పిమ్మట హైదరాబాదు సంస్థానమున ఉద్యోగము చేసెను. ఉర్దూలో ఆధునిక వచనమునకు పునాదులు వేసినవారిలో ఇందరు ఒక్క చిన్న కళాశాలనుండి వచ్చుట యాదృచ్ఛికము కాదు. శాస్త్రమును తన భాషలో వినిన విద్యార్థికి ఆ భాష దేనినైనను చెప్పగలదను ధైర్యము కలిగెను. ఆ ధైర్యమే వచనమైనది.

1857 ఆ కళాశాలను బలిగొనెను. అధ్యక్షుడు టేలర్ చంపబడెను. గ్రంథాలయము దోపిడి యయ్యెను. గాలిబు విడిచిన పదవిని స్వీకరించిన ఇమాం బక్ష్ సహ్‌బాయీ ఆంగ్ల సైనికుల చేతిలో మరణించెను. 1864లో కళాశాలను మరల తెరచిరి గాని 1877లో మూసివేసిరి. తరువాత దాని చరిత్రను వ్రాసిన మౌల్వీ అబ్దుల్ హక్ తన గ్రంథమునకు ‘మర్హూం దిల్లీ కాలేజ్’ అని పేరు పెట్టెను. గతించిన బంధువును స్మరించునట్లు ఒక కళాశాలను స్మరించుట అది. ఆయనయే హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయపు అనువాద శాఖకు నాయకత్వము వహించినవాడు. ఢిల్లీలో ఆగిన పని 1918లో వెలసిన ఉస్మానియాలో పెద్ద యెత్తున మరల సాగెను. అయితే అచ్చటను బోధనాభాష ఉర్దూయే. చుట్టునున్న జనుల తెలుగునకు ఆ గౌరవము దక్కలేదు.

తెలుగునాట ఇట్టి పని వేరొక విధముగా జరిగినది. విజయనగరమున మహారాజావారి కళాశాల, పర్లాకిమిడిలో రాజావారి కళాశాల, విశాఖపట్టణమున ఎ.వి.ఎన్. కళాశాల, ఇవి దాతల పోషణమున నడచిన చిన్న సంస్థలు. విజయనగరమున అధ్యాపకుడైన గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కము’ను వ్రాయగా అది 1892లో ప్రదర్శితమై 1897లో అచ్చయ్యెను. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి చరిత్రపాఠములు చెప్పుచు శాసనముల భాషను, సవరల భాషను పరిశోధించెను. విశాఖలో పి.టి. శ్రీనివాస అయ్యంగారు అధ్యక్షుడు. వ్యావహారిక భాషోద్యమము ఈ ముగ్గురి మైత్రినుండి బలపడినది. ఆనాటి మహానగరమైన మద్రాసులో దానిని ఎదిరించినవారు అధికులు. దానిని పెంచినవి ఈ చిన్న కళాశాలలు.

ఢిల్లీలో కళాశాల విద్య మరల చిగిర్చినదియు చిన్నగానే. 1881 ఫిబ్రవరి 1న చాందినీ చౌక్ సమీపమున కినారీ బజారులోని ఒక ఇంటిలో అయిదుగురు విద్యార్థులతో, ముగ్గురు అధ్యాపకులతో సెయింట్ స్టీఫెన్స్ కళాశాల ప్రారంభమైనది. 1899లో హిందూ కళాశాలయు ఆ కినారీ బజారుననే పుట్టెను. అది నగరవాసుల స్వయంకృషి. 1917లో రామ్‌జస్ కళాశాల వచ్చెను. 1922లో ఢిల్లీ విశ్వవిద్యాలయము వెలసినపుడు దానికి ఆధారమైనవి ఈ మూడే. 1906లో సుశీల్ కుమార్ రుద్ర సెయింట్ స్టీఫెన్స్‌కు మొదటి భారతీయ అధ్యక్షుడైనాడు. ఆయన యింట గాంధీజీ అతిథిగా నుండెడివాడు. ఖిలాఫత్ విషయమై రాజప్రతినిధికి వ్రాసిన బహిరంగ లేఖ ఆ కప్పు క్రిందనే రూపొందినదని గాంధీజీ 1925లో రుద్ర మరణానంతరము స్మరించియున్నాడు. కళాశాలాధ్యక్షుని ఇల్లు విద్యార్థులకు రెండవ తరగతిగది యైన కాలమది.

స్వాతంత్ర్యానంతరము ఢిల్లీకి తెలుగు కుటుంబములు విరివిగా రాసాగెను. వారి పిల్లల చదువునకై 1948లో దుర్గాబాయి ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీని స్థాపించెను. రాజమహేంద్రవరమున 1909లో జన్మించి, బాల్యముననే బాలికలకు హిందీ పాఠశాల నడపిన ఆమెకు, పరాయి నగరమున పాఠశాల యేల కావలెనో ఒకరు చెప్పనక్కరలేదు. 1961లో తిరుమల తిరుపతి దేవస్థానముల వారు ఢిల్లీ విశ్వవిద్యాలయమునకు అనుబంధముగా శ్రీ వేంకటేశ్వర కళాశాలను స్థాపించిరి. ఏడుకొండల హుండీలో పడిన కానుక యమునాతీరమున పాఠమైనది. నేడది చిన్నది కాదు. అన్ని భాషల విద్యార్థులును అచ్చట చదువుచున్నారు. దాని సమీపమున మెట్రో రైలు ఆగు స్థానమునకు దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు పెట్టబడినది.

ఆ 1961వ సంవత్సరముననే జియా సరాయ్ ప్రక్కన ఇంజనీరింగు కళాశాలలో పాఠములు మొదలయ్యెను. 1963లో అదియే ఐ.ఐ.టి. యైనది. గ్రామము నడుమ చిక్కుకొనిపోయెను. 1908–09 భూమిశిస్తు ఏర్పాటులో ఢిల్లీ గ్రామముల నివాసస్థలములచుట్టు పటములపై ఎఱ్ఱగీటు గీసిరి. 1963లో ఆ గీటులోపలి ఇండ్లకు నగరపు కట్టడ నిబంధనలనుండి మినహాయింపు లభించెను. పొలము పోయిన రైతునకు మిగిలినది ఇల్లు. ఇంటిపై ఇల్లు కట్టి అద్దెకిచ్చుట యతని కొత్త సేద్యమైనది. ప్రభుత్వ వసతిగృహములు చాలని విద్యార్థికి ఆ గదియే దిక్కైనది. ఇందు దోషము ఎవరిదనలేము. సరాయి తన పూర్వధర్మమునే నెరవేర్చుచున్నది.

కాని సరాయి చేయలేనిది ఒకటి కలదు. హౌజ్ ఖాస్ గట్టునను, అజ్మీరీ దర్వాజా వెలుపలను, కినారీ బజారులోను, పర్లాకిమిడిలోను గురువు శిష్యుని పేరు నెరిగియుండెను. శిష్యుడు ప్రశ్న వేయుటకు వెఱవలేదు. ఆ ప్రశ్నకు పరీక్షలో మార్కులు లేవని గురువు విసుగుకొనలేదు. శిక్షణకేంద్రమున ప్రశ్న ముందుగనే అచ్చయి యుండును, జవాబును అట్లే. ఆ జవాబులో విద్యార్థి భాషకు పని లేదు. తెనాలినుండియో కరీంనగరమునుండియో వచ్చిన యువకుడు భౌతికశాస్త్రమును రెండేండ్లు చదివి, తాను చదివినదానిని తల్లికి తెలుగులో చెప్పలేక ఇల్లు చేరినచో, ఆ నష్టము అతనిదొక్కనిదే కాదు. రామచంద్రకు ఉర్దూలో దొరికిన ధైర్యము తెలుగునకు ఇంకను దొరకలేదనుటకు అది గుర్తు.

ఢిల్లీ విశ్వవిద్యాలయపు ఆధునిక భారతీయ భాషల శాఖలో తెలుగునకు స్థానము కలదు. తెలుగువారు స్థాపించిన కళాశాల కలదు. జియా సరాయ్ గదులలో తెలుగు విద్యార్థులును కలరు. ఈ మూటికిని నడుమ దూరము కొన్ని మైళ్లే. ఆ దూరమును దాటి ఆదివారపు సాయంకాలమున పదిమంది యువకులతో కూర్చుండి, వారు చదువు శాస్త్రమును వారి భాషలో చెప్పించు రచయిత ఒకడున్నచో అంతకన్న పెద్ద భవనము అక్కరలేదు. సెయింట్ స్టీఫెన్స్ మొదటి దినమున విద్యార్థులు అయిదుగురే.