పెరటి గోడ చెప్పే చరిత్ర



బరంపురం పాత వీధుల్లోనో, ఛత్రపురం, ఇచ్ఛాపురం వైపునో మీకు తాతల నాటి ఇల్లు ఉంటే దాని తీరు మీకు తెలిసిందే. ముందు వీధి అరుగు, ఆపైన ఒకదాని వెనుక ఒకటిగా గదులు, చివర పెరడు. పెరట్లో నుయ్యి, దాని పక్కన స్నానాల గది, ఇంకా దూరంగా మరుగుదొడ్డి. ఆ మూలను సొంత చేతులతో బాగుచేసుకోవాలని మీరు అనుకుంటూ ఉండవచ్చు. సమ్మెట పట్టే ముందు ఆ గోడ చరిత్ర కాస్త విందాం.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనిది. ఆనాటి సరిహద్దు బరంపురాన్ని ఒక పక్కకు, ఇచ్ఛాపురాన్ని మరో పక్కకు చేర్చింది. అయినా ఇళ్ళు కట్టే పద్ధతిని అది విడదీయలేదు. రెండు వైపులా మేస్త్రీలు నమ్ముకున్నది సున్నాన్నే. చిలికా సరస్సులో దొరికే గుల్లలను బట్టీలో కాల్చి, నీళ్ళతో విరిచి, ఇసుక కలిపి గానుగలో ఆడించేవారు. నీళ్ళు పడే నేలకైతే ఇటుకపొడి కలిపి గచ్చు చేసేవారు. మద్రాసులో సిమెంటు తయారీకి తొలి ప్రయత్నం జరిగింది 1904లో. అది మన ఊళ్ళకు చేరి, సామాన్యుడి ఇంటి గోడ ఎక్కేసరికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

మీ గోడ ఏదో తెలుసుకోవడం కష్టం కాదు. మేకుతో గీయండి. తెల్లగా పొడి రాలితే సున్నం. గీత పడక మేకు జారితే సిమెంటు.

ఈ తేడా ఎందుకంటారా? సున్నపు గోడ చెమ్మను పీలుస్తుంది, మళ్ళీ గాలికి వదిలేస్తుంది. దానిమీద సిమెంటు పూస్తే చెమ్మకు దారి మూసుకుపోతుంది. అది లోపలే నిలిచి, ఉప్పును పైకి తెచ్చి, కొన్ని వానాకాలాలు గడిచేసరికి పూతను పెళ్ళలుగా ఊడదీస్తుంది. మన తీరపు గాలిలో ఉప్పు ఎలాగూ ఉంది. కనుక ఊడిన పూతను గోకి, ఇటుకను బాగా ఆరనిచ్చి, సున్నంతోనే పూయండి. పలకలు నీళ్ళు పడే ఎత్తు వరకే అతికించండి. నేలను తూము వైపు మీటరుకు రెండు సెంటీమీటర్ల వాలు ఉండేలా పరవండి.

ఇక మరుగుదొడ్డి వెనుక గోడ చూడండి. పాత ఇళ్ళల్లో కొన్నింటికి అక్కడ, నేల దగ్గర, ఒక చిన్న కంత ఉంటుంది. దానిని ఇటుకలతో మూసేసే ముందు ఒక్క క్షణం ఆగండి. తెల్లవారుజామున ఆ కంత దగ్గరకే ఒక మనిషి, చాలాచోట్ల ఒక స్త్రీ, వచ్చేది. ఇంటివారి మలాన్ని ఎత్తి తట్టలో మోసుకుపోయేది. ఆమెకు వీధి గుమ్మంలోంచి ప్రవేశం లేదు. మన ఇంటి శుభ్రత ఆమె తలమీద నిలిచింది. 1993లో పార్లమెంటు చేసిన చట్టం ఇలాంటి దొడ్ల నిర్మాణాన్ని, మనుషులచేత మలం ఎత్తించడాన్ని నిషేధించింది. 2013 నాటి చట్టం మరింత కట్టుదిట్టమైనది. రక్షణ సాధనాలు లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దింపడం కూడా నేరమే.

అందుచేత మురుగు కాలువ సౌకర్యం లేని చోట కొత్త దొడ్డికి రెండు గుంతలు తవ్వించండి. ఒకటి నిండితే నీటిని రెండోదానికి మళ్ళించి, మొదటిదాన్ని రెండేళ్ళు మూసి ఉంచితే అందులోది మట్టిలాంటి ఎరువవుతుంది. గుంతలకు, నూతికి మధ్య కనీసం 10 మీటర్లు ఎడం ఉండాలి. ట్యాంకే కట్టుకుంటే దాన్ని యంత్రంతోనే తోడించండి. అందులోని విషవాయువు క్షణాల్లో ప్రాణం తీస్తుంది. మీరూ దిగవద్దు, కూలికి వచ్చినవారినీ దింపవద్దు.

తాతలు కట్టిన సున్నపు గోడను నిలుపుకుందాం. ఆ కంతను మాత్రం, దాని వెనుక నిలబడిన మనిషిని మరచిపోకుండా, శాశ్వతంగా మూసేద్దాం.