పొత్తు వేరు, బేరం వేరు: నెల్లూరు తీరం నుంచి చూస్తే

2025 జూలై 30 సాయంత్రం 5 గంటల 40 నిమిషాలకు శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్16 రాకెట్ నిసార్ ఉపగ్రహాన్ని మోసుకుని పైకి లేచింది. నాసా, ఇస్రో ఏళ్ల తరబడి కలిసి కట్టిన ఉపగ్రహం అది. అదే రోజు అమెరికా అధ్యక్షుడు ట్రంప్ భారత్ సరుకుల మీద 25 శాతం సుంకం వేస్తున్నట్టు ప్రకటించాడు. రష్యా నుంచి చమురు, ఆయుధాలు కొంటున్నందుకు దాని పైన జరిమానా కూడా ఉంటుందన్నాడు. రాకెట్ లేచిన దీవికి కాస్త ఎగువన వాకాడు, కోట, చిల్లకూరు మండలాల్లో రొయ్యల చెరువులున్నాయి. అక్కడి రొయ్యలో పెద్ద వాటా వెళ్లేది అమెరికాకే. ఒకే తీరం నుంచి, ఒకే రోజున, ఒకే దేశంతో మనకున్న స్నేహం ఆకాశానికెక్కితే బేరం కిందపడింది.

దీన్ని ట్రంప్ నైజానికి ముడిపెట్టి ఊరుకుంటే సగమే అర్థమవుతుంది. రాజ్యాల పొత్తూ వ్యాపార సంబంధమూ పుట్టుకలోనే వేరు. పొత్తు ఎప్పుడూ మూడోవాణ్ణి చూసి కుదురుతుంది, ఆ మూడోవాడి భయం ఉన్నంతకాలం నిలుస్తుంది. బేరం సరుకును చూసి, ధరను చూసి కుదురుతుంది. దాన్ని నిలబెట్టేది సంతకాలు పెట్టినవాళ్లు కారు, నేసేవాళ్లు, పండించేవాళ్లు, అప్పిచ్చేవాళ్లు, ఓడ నడిపేవాళ్లు. కృష్ణపట్నం నుంచి ప్రళయకావేరి దాకా ఉన్న ఈ తీరం ఆ తేడాను శతాబ్దాలుగా అనుభవిస్తూ వస్తోంది.

పాత కాలపు ఆనవాళ్లు కొద్దిగానే ఉన్నాయి. 18వ శతాబ్దం చివర్లో నెల్లూరు దగ్గర ఒక రైతు పొలం దున్నుతుంటే కుండ నిండా రోమన్ బంగారు నాణేలు బయటపడ్డాయి. ట్రాజన్, హాడ్రియన్ చక్రవర్తుల నాటివి అవి. రోమ్ సైన్యం ఈ వైపు ఎన్నడూ రాలేదు, రోమ్ బంగారం మాత్రం వచ్చింది.

13వ శతాబ్దానికి వస్తే బొమ్మ స్పష్టమవుతుంది. నెల్లూరును ఏలిన మనుమసిద్ధి దాయాదుల చేతిలో రాజ్యం పోగొట్టుకున్నప్పుడు, ఆయన తరఫున తిక్కన సోమయాజి ఓరుగల్లు వెళ్లి కాకతీయ గణపతిదేవుని సాయం తెచ్చాడని చెప్పుకుంటాం. అది అచ్చమైన రాజకీయ పొత్తు, శత్రువు ఎదుట ఉన్నాడు కాబట్టి కుదిరింది. అదే గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. అంతకుముందు తుపానుకు ఓడ ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని సరుకంతా రాజులే లాక్కునేవారు. ఇకమీదట న్యాయమైన సుంకం తప్ప మరేదీ తీసుకోమని ఆయన మాట ఇచ్చాడు. ఆ మాట ఏ దేశపు రాజుకూ ఇచ్చింది కాదు. ఏ దీవి నుంచైనా, ఏ రేవు నుంచైనా వచ్చే వర్తకుడికి ఇచ్చింది. ఆ మాటలో శత్రువు ప్రస్తావనే లేదు. మనుమసిద్ధితో పొత్తు ఒక తరంతో తీరిపోయింది. ఆ తర్వాతి తెలుగు చోళుల కాలంలోనూ కృష్ణపట్నం రేవు కొల్లితురై, గండగోపాలపట్నం అనే పేర్లతో శాసనాల్లో కనిపిస్తూనే ఉంది.

విజయనగరం కాలానికి రెండింటినీ ఒకే పత్రంలో కలిపే ప్రయత్నం జరిగింది. 1547లో సదాశివరాయల పేరిట విజయనగరం, గోవా పోర్చుగీసు పాలకుడు జువావ్ ద కాస్ట్రో ఒప్పందం చేసుకున్నారు. గోవాలో దిగిన గుర్రాలు విజయనగరానికే అమ్మాలి, దక్కను సుల్తానులకు చేరకూడదు. సరుకు గుర్రమే అయినా లక్ష్యం బీజాపూరు. ఇలాంటి వ్యాపారం యుద్ధానికి తోక లాంటిది, యుద్ధం ఎటు తిరిగితే అటే తిరుగుతుంది. పన్నెండేళ్లు తిరక్కుండానే విజయనగరంలో అసలు అధికారం నడిపిన రామరాయలు, నేటి చెన్నైలోని పోర్చుగీసుల శాంథోమ్ మీదికి స్వయంగా సైన్యంతో వెళ్లాడు.

అసలు కథ ప్రళయకావేరి, అంటే పులికాట్ సరస్సు ఒడ్డున మొదలైంది. ఈనాడు పులికాట్ ఊరు తమిళనాడులో ఉంది, సరస్సులో ఎక్కువ భాగం మన వైపు ఉంది. 1600 ప్రాంతంలో విజయనగర రాజు వేంకటపతి రాయలు చంద్రగిరి, వేలూరుల నుంచి పాలిస్తున్నాడు. పోర్చుగీసులతో ఆయనకు మంచి స్నేహం. వాళ్ల జెసూయిట్ ఫాదరీలు 1598 నుంచి చంద్రగిరి కొలువులో ఉన్నారు. ఆ స్నేహం చెడకుండానే, 1610లో ఆయన పోర్చుగీసుల బద్ధశత్రువులైన డచ్చివాళ్లకు పులికాట్‌లో కొట్టు పెట్టుకోవడానికి అనుమతి ఇచ్చాడు. కొందరు చరిత్రకారులు దీన్ని రాయల చంచలత్వం అంటారు. నాకు అలా అనిపించదు. ఆయన పోర్చుగీసులకు ఇచ్చింది స్నేహం, డచ్చివాళ్లకు ఇచ్చింది రేవు.

డచ్చివాళ్లకు ఈ రేవు ఎందుకంత ముఖ్యమో చూస్తే బేరం ఎలా నడిచేదో తెలుస్తుంది. వాళ్లకు కావలసింది మొలక్కా దీవుల లవంగం, జాజికాయ. ఆ దీవులవాళ్లకు కావలసింది ఈ కోరమాండల్ తీరపు గుడ్డ. అందుకే హెండ్రిక్ బ్రౌవర్ అనే డచ్చి అధికారి ఈ తీరాన్ని మొలక్కాలకు ఎడమ చెయ్యి అన్నాడు. ఆ గుడ్డకు ఎరుపు మన తీరపు ఇసుక నేలల్లో తవ్వి తీసే చిరివేరు నుంచి వచ్చేది. ఓడ రావడానికి నెలల ముందే డచ్చివాళ్లు స్థానిక వర్తకుడికి బయానా ఇచ్చేవారు. ఆ వర్తకుడు ఊళ్లలో నేతగాడికి, అద్దకంవాడికి బయానా పంచేవాడు. నేతగాడు ఆ డబ్బుతో నూలు కొని మగ్గం ఎక్కించేవాడు. ఈ గొలుసులో ఉన్న మనవాళ్లలో ఒక్కరు కూడా హాలండ్‌ను చూసినవారు కారు. అయినా ఒకరి మాట మీద ఒకరు నెలల తరబడి పనిచేశారు.

యూరప్‌లో స్పెయిన్, డచ్చి దేశాల మధ్య 1609లో పన్నెండేళ్ల యుద్ధ విరామం కుదిరింది. పోర్చుగల్ అప్పుడు స్పెయిన్ రాజు కిందే ఉంది. అక్కడ విరామం నడుస్తుండగానే 1612లో శాంథోమ్ పోర్చుగీసులు వచ్చి పులికాట్ డచ్చి కొట్టును కూల్చేశారు. మరుసటి ఏడాది అదే చోట డచ్చివాళ్ల జెల్డ్రియా కోట లేచింది. ఆ రేవు అప్పుడు రాయల రాణి ఓబాయమ్మ ఏలుబడిలో ఉండేది, కోటకు పునాది పడింది ఆమె అండతోనే. కోట లోపల టంకశాల వచ్చింది, మందుగుండు కార్ఖానా వచ్చింది. కరువు కాలాల్లో ఆకలికి అమ్ముడుపోయిన మనుషులను ఇదే రేవు నుంచి బటేవియాకు బానిసలుగా ఎక్కించారు. వర్తకం రాజకీయం కన్నా పవిత్రమని వాదించేవాళ్లు ఆ ఓడలను మరిచిపోకూడదు.

ఇంగ్లీషువాళ్ల సంగతి ఇంకా ముఖ్యం. ఇంగ్లండ్, హాలండ్ రెండూ ప్రొటెస్టెంట్ దేశాలు, ఇద్దరికీ పాత శత్రువు స్పెయిన్. 1619లో లండన్‌లో వాళ్ల మధ్య రక్షణ ఒప్పందం కుదిరింది. పులికాట్ వ్యాపారంలో ఇంగ్లీషువాళ్లకు సగం, కోట సైన్యం ఖర్చులోనూ సగం. కాగితం మీద ఇంతకంటే న్యాయమైన పంపకం ఉండదు. 1621లో ఇంగ్లీషు కంపెనీ మనుషులు పులికాట్ చేరారు. ఖర్చులో సగం రాబట్టడానికి డచ్చివాళ్లకు తొందర ఉంది, గుడ్డలో సగం ఇవ్వడానికి లేదు. నేతగాళ్లకు బయానా ఇచ్చిన వర్తకులంతా డచ్చి ఖాతాలో ఉన్నారు. లండన్ సంతకం వాళ్ల మగ్గాల దాకా ఎలా చేరుతుంది? రెండేళ్లకే, 1623లో ఇంగ్లీషువాళ్లు మూట కట్టుకుని వెళ్లిపోయారు. అదే ఏడాది అంబోయినా దీవిలో డచ్చివాళ్లు ఇంగ్లీషు వర్తకులను కుట్ర ఆరోపణ మీద చంపేశారు. పొత్తు పత్రం మాత్రం అప్పటికింకా రద్దు కాలేదు.

1626లో ఇంగ్లీషువాళ్లు పులికాట్‌కు ఉత్తరాన దుర్గరాజపట్నంలో దిగారు. అక్కడ తమకు సాయపడిన ఆరుముగ మొదలియారు పేరునే ఆ చోటికి ఆర్మగావ్ అని పెట్టుకున్నారంటారు. తూర్పు తీరంలో వాళ్లు ఫిరంగులు పెట్టుకున్న తొలి స్థావరం అదే. సముద్రంలో అడ్డంగా ఉన్న ఇసుక మేట వల్ల ఓడలకు అలల దెబ్బ తక్కువ. 1628లో మచిలీపట్నంలో గోల్కొండ అధికారుల వేధింపు భరించలేక అక్కడివాళ్లు కూడా ఇక్కడికే పరుగెత్తుకొచ్చారు. ఇంత భద్రత ఉన్నా ఆర్మగావ్ పదిహేనేళ్లు నిలవలేదు. చుట్టుపక్కల దొరికే గుడ్డ నాణ్యతా చాలలేదు, ధరా కుదరలేదు. స్థావరం పెద్ద ఫ్రాన్సిస్ డే దక్షిణంగా వెతుక్కుంటూ వెళ్లి, మద్రాసుపట్నం దగ్గర గుడ్డ చవకగా దొరుకుతుందని లెక్క తేల్చుకున్నాడు. 1639 ఆగస్టులో దామెర్ల వేంకటాద్రి నాయకుడి దగ్గర అనుమతి సంపాదించాడు. 1640 ఫిబ్రవరికల్లా అందరూ తరలిపోయారు. చెన్నపట్నం పుట్టుకను పరాక్రమాల కథగా చెబుతుంటారు. నెల్లూరు వైపు నుంచి చూస్తే అది గుడ్డ ధర కథ.

తర్వాతి రెండు వందల ఏళ్లలో పులికాట్ అనేకసార్లు చేతులు మారింది. 1781లో ఇంగ్లీషువాళ్లు పట్టుకున్నారు, ఒప్పందంతో తిరిగిచ్చారు, 1795లో మళ్లీ పట్టుకున్నారు, 1818లో మళ్లీ ఇచ్చారు. 1824లో కుదిరిన ఆంగ్లో-డచ్చి ఒప్పందం ప్రకారం మరుసటి ఏడాది శాశ్వతంగా తీసుకున్నారు. ప్రతిసారీ కారణం యూరప్‌లోనే ఉంది. అప్పటికి పులికాట్ గుడ్డ వ్యాపారం పలచబడిపోయింది కాబట్టి చివరి మార్పిడి ఊరివాళ్లకు జెండా మార్పుగానే మిగిలింది.

పొత్తు నుంచే పుట్టిన బేరం ఎలా ఉంటుందో గూడూరు, సైదాపురం అభ్రకం (మైకా) గనులను చూస్తే తెలుస్తుంది. స్వాతంత్ర్యం తర్వాత మన మైకాకు సోవియట్ యూనియన్ పెద్ద గిరాకీ అయింది. లావాదేవీ రూపాయల్లో, ప్రభుత్వాల మధ్య. 1971 ఆగస్టు 9 నాటి భారత-సోవియట్ మైత్రి ఒప్పందం దాని వెనక గోడలా నిలబడింది. కొనేవాడు ఒక్కడే, ఆ కొనడం కూడా రాజకీయ నిర్ణయమే. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోయాక ఆ గిరాకీ కూడా కూలింది. ఎలక్ట్రానిక్స్‌లో మైకా వాడకం అప్పటికే తగ్గుతుండటంతో దెబ్బ మీద దెబ్బ పడింది. మైకా బద్దలు చీల్చి బతికిన కుటుంబాలకు మరో కొనుగోలుదారును వెతుక్కునే వ్యవధి కూడా దొరకలేదు.

పొత్తు బేరానికి అడ్డుపడిన ఉదాహరణ శ్రీహరికోటలోనే ఉంది. రష్యా సంస్థ గ్లావ్‌కాస్మోస్ నుంచి క్రయోజనిక్ ఇంజన్లతో పాటు వాటి పరిజ్ఞానం కూడా కొనుక్కోవడానికి ఇస్రో ఒప్పందం చేసుకుంటే, 1992లో అమెరికా రెండు సంస్థల మీదా ఆంక్షలు పెట్టింది. 1993లో రష్యా పరిజ్ఞానం ఇవ్వకుండా ఇంజన్లతో సరిపెట్టింది. నిసార్‌ను మోసిన జీఎస్‌ఎల్‌వీలో ఉన్నది ఆ తర్వాత మనవాళ్లు సొంతంగా తయారుచేసుకున్న క్రయోజనిక్ దశ.

2008లో కొత్త కృష్ణపట్నం పోర్టు తెరుచుకుంది. ఇండోనేషియా బొగ్గు, పామాయిల్ దిగడం మొదలైంది. రేవు పక్కనే నూనె శుద్ధి కర్మాగారాలు లేచాయి. 2019లో మలేషియా ప్రధాని మహాతిర్ కశ్మీర్ మీద ఐక్యరాజ్య సమితిలో మాట్లాడాక, 2020 జనవరిలో కేంద్రం శుద్ధి చేసిన పామాయిల్ దిగుమతి మీద ఆంక్ష పెట్టింది. ముడి నూనె మీద పెట్టలేదు. దాంతో ఇక్కడి కర్మాగారాలకు నష్టం లేకపోగా పోటీ తగ్గింది. 2022 ఏప్రిల్‌లో మనతో ఏ తగాదా లేని ఇండోనేషియా తన ఊళ్లలో నూనె ధర మండుతోందని ఎగుమతే ఆపేసింది. కోపంతో పెట్టిన ఆంక్ష కంటే కోపం లేని ఆ నిషేధమే మన వంటింట్లో నూనె ధరను ఎక్కువగా కదిలించింది.

ఇక రొయ్య. 1990లలో టైగర్ రొయ్యతో ఈ తీరం ఒక్కసారిగా డబ్బు చూసింది. తెల్లమచ్చ వైరస్‌తో అంతే వేగంగా చితికిపోయింది. 2009లో వనామీ రకం రొయ్యకు అనుమతి వచ్చాక మళ్లీ లేచింది. దీని గొలుసు పాత గుడ్డ గొలుసును మించింది. తల్లి రొయ్యలు హవాయి, ఫ్లోరిడాల నుంచి విమానంలో చెన్నై వస్తాయి. అక్కడ క్వారంటైన్‌లో ఉండి తీరంలోని హేచరీలకు చేరతాయి. హేచరీ సీడ్ చెరువుకు వెళుతుంది. రైతు లీజు కట్టి, డీలరు దగ్గర మేత అప్పు తెచ్చి, రాత్రంతా ఏరేటర్లు తిప్పి పెంచుతాడు. పట్టుబడి రోజున కౌంట్, అంటే కిలోకు ఎన్ని రొయ్యలో చూసి ధర కడతారు. ప్లాంట్లలో ఆడవాళ్లు ఒలిచి శుభ్రం చేశాక అదే రొయ్య అమెరికా వెళుతుంది. 2024-25లో భారత్ సముద్ర ఉత్పత్తుల ఎగుమతి 62,408 కోట్ల రూపాయలు. అందులో అమెరికా వాటా సుమారు 271 కోట్ల డాలర్లు, రెండో స్థానంలో ఉన్న చైనాది సుమారు 128 కోట్ల డాలర్లు.

ఈ రెండు పేర్లూ పక్కపక్కన పెట్టి చూడాలి. 2020 జూన్ 15న గల్వాన్‌లో 20 మంది సైనికులు అమరులయ్యారు. సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు వారిలో ఉన్నారు. ఆ దుఃఖం తెలుగు నేల ఇంకా మరువలేదు. అయినా మన రొయ్యను కొనే దేశాల్లో చైనా రెండో స్థానంలోనే నిలిచింది. అమెరికాతో 2016, 2018, 2020లలో వరసగా సైనిక ఒప్పందాలు కుదిరాయి, నాలుగు దేశాల కూటమి క్వాడ్‌లో పక్కపక్కన కూర్చున్నాం. అదే అమెరికా 2005లోనే మన రొయ్య మీద యాంటీ డంపింగ్ సుంకం వేసింది. 2019 జూన్‌లో భారత్‌కు వాణిజ్య ప్రాధాన్యం తీసేసింది. 2025 ఆగస్టు 27కల్లా కొత్త సుంకం 50 శాతానికి చేర్చింది. పాత సుంకాలతో కలిపి రొయ్య మీద భారం 58 శాతం దాకా వెళ్లింది. పోటీదారు ఈక్వడార్ మీద అప్పుడు 15 శాతమే. ఆ 50లో సగం రష్యా చమురు కొన్నందుకు వేసిన శిక్ష. చమురు కొన్నది రిఫైనరీలు, శిక్ష పడ్డది చెరువు గట్టున కౌంట్ ధర కోసం ఎదురుచూస్తున్న రైతుకు. పొత్తుల రాజకీయం బేరాన్ని ఆయుధంగా వాడితే మొదట తెగేది గొలుసులో అందరికంటే బలహీనుడి చేయి. ఇది అన్యాయమని ఢిల్లీ గట్టిగా అనాలి. రైతు అప్పు పత్రం మీద వడ్డీ పెరుగుతున్నప్పుడు దౌత్య మర్యాదలకు వంగి ఉండటం నాకు సరైన పని అనిపించదు.

దారి ఎలా తెరుచుకుంటుందో ఆస్ట్రేలియా చూపింది. అది కూడా క్వాడ్ మిత్రదేశమే. 2016 చివర్లో క్వీన్స్‌లాండ్ చెరువుల్లో తెల్లమచ్చ రోగం బయటపడ్డాక ఆ దేశం పచ్చి రొయ్యల దిగుమతిని కట్టుదిట్టం చేసింది. క్వాడ్ శిఖరాగ్ర సమావేశాలు ఎన్ని జరిగినా పొట్టు తీయని మన రొయ్యకు గేటు తెరవలేదు. 2025 అక్టోబరులో తొలి అనుమతి వచ్చింది, అదీ రోగనిరోధక షరతులతోనే. వాకాడు చెరువు నుంచి వెళ్లిన రొయ్య సిడ్నీ చేరాలంటే ఇప్పుడు కావలసిన కాగితం వైరస్ లేదని చెప్పే ల్యాబ్ రిపోర్టు. ఆ ల్యాబులు ఈ తీరంలో ఇంకా పెరగాలి.