జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములు: ఊరినడిమి బీడుభూముల పునర్వినియోగ చరిత్ర

పట్టణమధ్యమున నుండియు ఏ ప్రయోజనమునకును పూర్తిగా నుపయోగపడక నిలిచిపోయిన భూములను నివాసగృహములకును, ఉద్యానములకును మరలించు పనిని పుర పునర్నిర్మాణమందురు. పాశ్చాత్య నగరములలో ఈ పని మూతబడిన ఓడరేవులందును, విడువబడిన రైలుయార్డులందును, పాడువడిన కర్మాగారములందును జరిగినది. ఉత్తర తెలంగాణమందలి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణములలో నట్టివి లేవు. ఇచట ఊరినడుమ బీడుపడిన భూమి యనగా చెరువుశిఖము, కోట అగడ్త, నీటిప్రాజెక్టు సిబ్బందికై వెలసి పని ముగిసిన పిమ్మట పలుచబడిన క్యాంపు, మరమగ్గములు ఆగిన కార్ఖానా, యజమాని దుబాయిలోనో మస్కటులోనో యుండగా తుమ్మ మొలచిన ప్లాటు. ఇవి చూపునకు ఖాళీగా నుండినను, ఒక్కొక్కదానిపై నీటికో, పశువునకో, పనివానికో పూర్వమునుండి హక్కు వ్రాయబడియే యుండెను. ఆ హక్కులను విచారింపక గీచిన పటములు ఇచట నిలువలేదు. పేదల యిండ్లు ఊరి వెలుపలికిని, ఉద్యానములు ఊరిలోని చెరువుకట్టల మీదికిని పోయినవి గాని, రెండును ఒకచోట కూడిన సందర్భములు మిక్కిలి అరుదు.

నిజాము రాజ్యకాలమున జగిత్యాల, సిరిసిల్ల తాలూకా కేంద్రములు. కోరుట్ల పెద్దయూరు మాత్రమే. నాటి రెవెన్యూ లెక్కలలో పట్టాభూమి పోగా మిగిలినదానికి పలు పేర్లుండెను. పశువుల మేతకు విడిచినది గైరాను. చెరువులో నీరు తీసిన కొలది సాగునకు వచ్చునది శిఖము. బాటలకును, వాగులకును, శ్మశానములకును చెందినది పరంపోగు. ఎవరి ఖాతాకును చేరనిది ఖారిజు ఖాతా. ఇండ్లున్న భాగము ఆబాది. ఊరు చిన్నదిగా నున్నంతకాలము ఆబాది తప్ప తక్కినవన్నియు దాని అంచున నుండెను. ఊరు పెరిగి వాటిని దాటి పోవుటతో, కాగితముపై మేతబయలుగా నున్నది బజారు వెనుకవీథి యయ్యెను. శిఖముగా నున్నది వానకాలమున నీరు నిలుచు కాలనీ యయ్యెను. భూమి చోటు మారలేదు, దాని చుట్టు ఊరే మారెను. రికార్డులలోని పేరుమాత్రము పూర్వము వలెనే నిలిచెను.

రాజ్యపు రాజధానిలో ఊరినడిమి భూముల విషయమై ఒక గట్టి ప్రయత్నము జరిగినది. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీవరద వేలాది ప్రజలను పొట్టనబెట్టుకొన్న పిమ్మట, మోక్షగుండం విశ్వేశ్వరయ్య హైదరాబాదునకు రావింపబడి, నదీప్రవాహమును నియమించుటకు జలాశయములతోపాటు తీరమున నుద్యానములను గూడ సూచించెను. 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంటు బోర్డు, 1898లో బొంబాయిలో స్థాపితమైన ఇంప్రూవ్‌మెంటు ట్రస్టును కొంతవరకు పోలి, నాంపల్లి మొదలగు తావులందలి ఇరుకుపేటలను తొలగించి, గాలి వెలుతురు గల చిన్నయిండ్లను కట్టి అద్దెకిచ్చెను. మూసీయొడ్డున హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రుల సమీపమున తోటలు వెలసెను. స్కాట్లండు దేశీయుడగు పట్టణ ప్రణాళికావేత్త పాట్రిక్ గెడ్డెసు 1914లో భారతదేశమునకు వచ్చి పలు పట్టణములను కాలినడకన తిరిగి చూచి, దోమలకు భయపడి చెరువులను పూడ్చుటకంటె చేపలను వదలుట మేలనియు, పేటలను మూకుమ్మడిగా కూల్చుటకంటె అవసరమగు చోటనే విప్పుట యుక్తమనియు బోధించినది ఈ కాలముననే. కాని బోర్డు అధికారము నగరపు సరిహద్దుతో నాగిపోయెను. తాలూకా కేంద్రములకు నట్టి సంస్థ రాలేదు.

జగిత్యాలలో ఊరినడిమి భూమి యనగా మొదట స్మరింపవలసినది ఖిల్లా. 18వ శతాబ్ది మధ్యమున పాలకుడగు ఇబ్రహీంఖాన్ ధంసా కాలమున ఫ్రెంచి ఇంజనీర్ల నేర్పుతో నిది నక్షత్రాకారమున కట్టబడినది. ఫిరంగి గుండ్లకు తాళుటకై గోడలను ఎత్తుగాగాక దళసరిగా కట్టి, కోణములను వెలికి చొప్పించి, చుట్టును వెడల్పైన అగడ్త త్రవ్విరి. ప్రక్కనే కండ్లపల్లి చెరువు గలదు. కోటకు సైనిక ప్రయోజనము తీరిన పిమ్మట అగడ్త యెండి, గడ్డి మొలచి, చుట్టుపట్ల పేటలు దానిని ఒరసికొని లేచినవి. అయినను లోపలి బయలు ఇండ్లపాలు కాలేదు. నక్షత్రపు కొనలలో నలుచదరపు ప్లాట్లు కుదురక పోవుటయు, కట్టడముపై నున్న ప్రాచీనతాగౌరవమును అందులకు కారణములని తోచును. స్వాతంత్ర్యదినమున జెండావందనమునకు జనులు ఖిల్లాలో గుమిగూడుట ఈ ఊరి ఆచారము. ఉద్యానమని పేరు పెట్టకయే ఒక పట్టణము తన నడుమ ఇంత విశాలమైన బయలును నిలుపుకొనుట తెలంగాణమున తరచుగ కానరాదు. దానికి నాలుగడుగుల దూరముననే టవరు సర్కిలు వద్దను, యావరు రోడ్డు పొడవునను అంగుళము అంగుళమునకు తగవు పడుచుండిరి. యావరు రోడ్డు విస్తరణ ప్రతి ఎన్నికలోను వినబడు వాగ్దానము.

ఖాళీభూమి యెవరిదను ప్రశ్న ఈ ప్రాంతమున పటములపైనే గాక వీథులలోను అడుగబడినది. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో జరిగిన రైతుకూలీల మహాప్రదర్శన జైత్రయాత్ర యను పేర ప్రసిద్ధమైనది. వెట్టి తొలగింపు, పాలేర్ల జీతములు, దొరల యధీనమున నున్న బంజరుల పంపకము దాని ముఖ్యవిషయములు. ఆ యేడు అక్టోబరులో ప్రభుత్వము జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించెను. పలువురు భూస్వాములు గడీలు విడిచి పట్టణములు చేరుట ఆ పిమ్మటి సంగతి. పల్లెలో భూమి కొనుటకు జంకిన సొమ్ము పట్టణపు ప్లాట్ల మీదికి మరలెను. కొంతకాలమునకు గల్ఫు దేశములనుండి వచ్చు సొమ్మును దానితో కలిసెను. కట్టుటకుగాక దాచుటకు కొన్న ప్లాటు ఊరినడుమ నుండియు ఊరికి పనికిరాదు.

జగిత్యాలలోనే యున్న ధరూరు క్యాంపు చరిత్ర వేరొక విధమైనది. 1963 జూలై 26న జవాహర్‌లాల్ నెహ్రూ పోచంపాడు వద్ద శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టు కాకతీయ కాలువను ఈ సీమల మీదుగా గొనిపోవుటకై ఇంజనీర్లకును, సిబ్బందికిని జగిత్యాలలో క్వార్టర్లును, కార్యాలయములును కట్టబడెను. చెట్లు నాటిన బాటలు, విశాలమైన ఆవరణలు గల ఇట్టి క్యాంపులు కాలువపని ముగిసిన కొలది పలుచబడి, పెంకులు జారి, ముండ్లపొదలు క్రమ్ముట తెలంగాణమంతట చూడనగును. పట్టణపునర్నిర్మాణమునకు ఇంతకంటె తగిన భూమి జగిత్యాలకు లేదు: అది ప్రభుత్వముది, చెరువు కాదు, చెట్లును గలవు. 2016 అక్టోబరు 11న జగిత్యాల జిల్లాకేంద్రము కాగా ఆ ప్రాంతము కొత్త పాలనాకేంద్రమయ్యెను. వైద్యకళాశాల 2022 నవంబరులోను, సమీకృత కలెక్టరేటు డిసెంబరు 7నను ప్రారంభింపబడెను. ఇవి అవసరములు కావని యెవరనగలరు? అయినను ఇండ్లు లేనివారికి ఊరిలో మిగిలిన మంచి చోటు ఆఫీసులకే చెల్లినదని మాత్రము గుర్తింపవలెను.

సిరిసిల్ల జిల్లా కావలెనని ఆందోళన జరిగిన పిమ్మటనే 2016 అక్టోబరు 11న రాజన్న సిరిసిల్ల జిల్లాయు ఏర్పడినది. మానేరు నది యొడ్డున నున్న యీ పట్టణమున భూవినియోగమును నిర్ణయించినది మరమగ్గము. దీనినే ఊరివారు సాంచ యందురు. నూలు ఇచ్చి బట్ట కొనిపోవు సేటు, కొన్ని సాంచలు గల ఆసామి, వాటిపై రాత్రింబగళ్లు నిలుచు కార్మికుడు, ఇది ఇచటి క్రమము. ఒక ఆసామి గృహమును చూడుడు: వీథివైపు గది యొకటి, దాని వెనుక రేకులకప్పు క్రింద సాంచలు, వాటి నడుమ ఒక మనిషి యొరిగి నడచునంత సందు, గోడకు చేర్చిన బీములు, ఒక మూల కండెలు చుట్టు స్త్రీలు, మిగిలిన తావున వంట, నిద్ర. సాంచల మోత ఆగినచో పసిబిడ్డ మేల్కొనునని ఊరివారు పరిహాసమాడుదురు. ఇట్టి ఊరిలో నివాసభూమి, పారిశ్రామికభూమి యని రంగులు వేరుచేసిన పటము ఎంతవరకు సరిపోవును? బద్దెనపల్లిలో టెక్స్‌టైలు పార్కు, పెద్దూరులో అపారెల్ పార్కు ఏర్పడుటతో పరిశ్రమ కొంత ఊరి వెలుపలికి కదలినది. పని లేని కాలమున కొందరు సాంచలను పాత ఇనుము క్రింద తూకమునకు అమ్ముకొనిరి. 2017 నుండి బతుకమ్మ చీరెల ప్రభుత్వపు ఆర్డరు వచ్చిన యేడులందు ఆగిన కార్ఖానాలును తిరిగి మ్రోగినవి. కావున ఊరినడుమ మూతవడిన కార్ఖానాను శాశ్వతముగా ఖాళీ యనుకొని ఇండ్లకు మరల్పబూనువాడు, ఆసామిని అడుగక ముందుకు పోరాదు.

ఉద్యానముల విషయమున తెలంగాణ ప్రభుత్వము చెరువులను ఆశ్రయించెను. 2015 మార్చి 12న సదాశివనగరు పాతచెరువు వద్ద ప్రారంభమైన మిషన్ కాకతీయ యను చెరువుల పునరుద్ధరణ పథకమున, శాసనసభా నియోజకవర్గమున కొక చెరువును మినీ ట్యాంక్‌బండ్‌గా తీర్చవలెనని యుద్దేశించిరి. కట్టను వెడల్పుచేయుట, నడకబాట, బల్లలు, దీపములు, పిల్లల ఆటవస్తువులు దీనిలోని అంగములు. సిరిసిల్ల కొత్తచెరువు ఈ తెరగున ఉద్యానశోభను దాల్చినది. అయితే 2021 సెప్టెంబరులో కురిసిన కుండపోతకు ఆ చెరువు మీరిన నీరు శాంతినగరు వీథులలో పారి, ఇండ్లలో ప్రవేశించి, సామగ్రిని ముంచెత్తెను. హైదరాబాదునుండి సహాయక బృందములు వచ్చెను. కట్ట యందమును చూచినవారు అలుగు క్రింది కాలువను చూడలేదు. చెరువును ఉద్యానముగా చేయుట సులువు. దానినుండి మానేటివరకు నీరు పోవు త్రోవను ఇండ్లనుండి విడిపించుట కష్టము.

కోరుట్లను గూర్చి చెప్పవలసినది కొద్ది. పాతయూరిలో ప్రాచీనమైన మెట్లకోనేరు గలదు. వాగు ఊరిని ఒరసి పోవును. ఇంటింట బీడీలు చుట్టు స్త్రీలును, గల్ఫునకు పోయిన పురుషులును ఈ పట్టణపు ఆర్థికమునకు మూలము. తాళము వేసిన రెండంతస్తుల మేడప్రక్కనే, ఒక్కగది అద్దెయింటి అరుగుపై చేట యొడిలో నిడుకొని తునికాకు కత్తిరించు స్త్రీ ఇచట కానవచ్చును. భూమి గలవారు ఊరిలో లేరు, ఊరిలో నున్నవారికి భూమి లేదు.

ఇండ్ల ప్రయత్నములు చాలవరకు వెలుపలికే సాగినవి. 2015లో ఆరంభమైన రెండు పడకగదుల ఇండ్ల పథకమున 560 చదరపుటడుగుల గృహము లబ్ధిదారునిపై భారము లేకుండ ఈయబడునని ప్రకటింపబడెను. సిరిసిల్లవారికై మానేటి కావలి మండెపల్లిలో 1,320 గృహములు నిర్మింపబడి 2021 జూలై 4న ప్రారంభమయ్యెను. జగిత్యాలవారికై కరీంనగరు త్రోవలో, మల్యాల మండలపు నూకపల్లిలో, పూర్వపు ఇందిరమ్మ పథకపు కాలమునుండి పేదల ఇండ్లకై యుద్దేశింపబడిన భూమిలో, 4,000కు పైబడిన గృహములతో ఒక కాలనీయే లేచినది. అంతటి విశాలభూమి ఊరినడుమ దొరకదనుట నిజమే. కాని సాంచపై రాత్రిపాళి చేయువాడు ఇంటికి పోవుటకు ఆటో వెదకవలసి వచ్చును. బీడీకార్మికురాలు కార్ఖానాకు కట్టలు మోయవలసిన దూరము పెరుగును. ఊరిలోనే ఉన్నచోట నివాసమును స్థిరపరచు మార్గమొకటి 2014 డిసెంబరు 30 నాటి 58వ నంబరు ఉత్తరువు చూపినది: అభ్యంతరము లేని ప్రభుత్వభూమిలో ఇల్లు వేసికొన్న పేదలకు 125 చదరపు గజములవరకు ఉచితముగా క్రమబద్ధము చేయుట. ఇది గొప్ప నిర్మాణకార్యముగా పత్రికల కెక్కలేదు గాని, ఊరినడిమి భూమిని గృహమునకు మరల్చిన పద్ధతులలో మిక్కిలి చవుకయైనది.

2019 పురపాలక చట్టము సంఘపు బడ్జెటులో పదవవంతును పచ్చదనమునకు కేటాయించి, నాటిన మొక్కలలో నూటికి 85 బ్రదుకవలెనని నియమించెను. 2020 ఫిబ్రవరిలో మొదలైన పట్టణప్రగతి కార్యక్రమముతో నర్సరీలును, ప్రకృతివనములును ఖాళీజాగాలలో వెలసెను. మరియొకవైపు అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణమున, ఉద్యానమునకు జాగా విడువనిచో ప్లాటు విలువలో నూటికి 14 వంతులు రుసుముగా చెల్లించిన చాలునని 2020లో నిర్ణయించిరి. రుసుము ఖజానాకు చేరును గాని ఆ వీథిలో పార్కు మొలవదు.

ఈ చరిత్రలో అత్యంత తీవ్రమైన ఘట్టము 2023 జనవరిలో జరిగినది. జగిత్యాల మాస్టరు ప్లాను ముసాయిదాలో చుట్టుపట్ల గ్రామముల సాగుభూములు కొన్ని వినోదమండలముగాను, ప్రజావసర మండలముగాను రంగు పూయబడుట చూచి తిమ్మాపూరు, నర్సింగాపూరు మొదలగు గ్రామముల రైతులు రోడ్డెక్కిరి. అప్పటికే కామారెడ్డిలో అట్టి ముసాయిదాపై మహాందోళన సాగుచుండెను. అచట ఒక రైతు ఆత్మహత్య చేసికొనియుండెను. ఆకుపచ్చ రంగు పడిన పొలమును అమ్మబోయిన కొనువాడుండడు, ఇల్లు కట్టబోయిన అనుమతి యుండదు; రైతుల భయమున కిదియే మూలము. ఆ నెలలోనే రెండు పురపాలక సంఘములును ముసాయిదాలను రద్దుచేయవలెనని తీర్మానించెను. ఊరిలోపలి క్యాంపును, అగడ్తను, ఖాళీ ప్లాట్లను మొదట లెక్కించి, పిమ్మట పొలములవైపు చూచియున్నచో ఇంత దూరము రాకపోవునేమో.

2024 మార్చి 11న భద్రాచలమున ప్రారంభమైన ఇందిరమ్మ ఇండ్ల పథకము, ఇల్లు కట్టుకొనువారికి అయిదు లక్షల రూపాయల సాయము నిచ్చుచు, సొంతజాగా గలవారిని మొదటి జాబితాలోను, లేనివారిని రెండవ జాబితాలోను చేర్చెను. రెండవ జాబితావారికి భూమి ఎచట నీయవలెనను ప్రశ్న పట్టణములలో మరల తలయెత్తినది. ఊరినడుమ మిగిలిన ప్రభుత్వభూమిలో ముఖ్యభాగము శిఖమో, వాగు పరంపోగో యగుటచే దానిపై ఇల్లు కట్టుటకు చట్టము సమ్మతింపదు. 10 హెక్టార్లకు తక్కువకాని చెరువైనచో పూర్తి నీటిమట్టపు హద్దునుండి 30 మీటర్లు, అంతకు చిన్నదైనచో 9 మీటర్లు నిర్మాణము లేక విడువవలెనని భవననిర్మాణ నియమములు శాసించుచున్నవి. ఆ పట్టెలో చెట్లు నాటవచ్చును, బాట వేయవచ్చును. దాని యంచున వెలుపలనున్న భూమి మాత్రము చాలవరకు ప్రైవేటు ప్లాట్లే.