పరీక్షనాళిక గర్భములు: తొలినాటి నష్టములు

1978 జూలై 25న ఇంగ్లండులోని ఓల్డ్‌హామ్ పట్టణములో లూయీ బ్రౌన్ జన్మించినది. తల్లి శరీరము వెలుపల ఫలదీకరణము జరిగి పుట్టిన మొదటి శిశువు ఆమె. ఈ సంగతి అందరూ ఎరిగినదే. ఆమెకు ముందు వెనుకల దక్కకపోయిన గర్భముల కథ అంతగా ఎవరికీ తెలియదు.

1969 మొదలు 1978 వరకు రాబర్ట్ ఎడ్వర్డ్స్, పాట్రిక్ స్టెప్టో, జీన్ పర్డీ అనువారు 282 మంది స్త్రీలకు చికిత్స చేశారు. పిండమును గర్భాశయములో ఉంచినది 112 పర్యాయములు. గర్భము కలిగినది ఐదుమారులు మాత్రమే. బిడ్డ దక్కినది రెండుమారులు.

గాజుపాత్రలో అండమును ఫలింపజేయుట కంటె, గర్భమును నిలుపుటయే కష్టమైనదన్నమాట!

మొదటి చిక్కు హార్మోనులది. అండము వెలువడిన పిదప అండాశయములో మిగిలిన కోశము ప్రొజెస్టిరాన్ అను హార్మోనును స్రవించి, గర్భాశయపు లోపలి పొరను పిండమునకు అనువుగా ఉంచుతుంది. ఎక్కువ అండములు పక్వమగుటకై ఇచ్చిన మందుల వలన ఈ కోశము త్వరగా క్షీణించేది. ఆ లోటు తీర్చుటకు వాడిన మందే చెరుపు చేసినదేమోనని తరువాత వారికే అనుమానము కలిగినది. కనుక 1977 నవంబరులో మందులు మాని, లూయీ తల్లి లెస్లీ బ్రౌన్ నుండి సహజముగా పక్వమైన ఒకే అండమును తీసుకొన్నారు.

ఇక పోయిన మూడు గర్భములు. 1976లో ప్రకటించిన దానిలో పిండము గర్భాశయమున గాక అండవాహికలో పెరిగినది. మరియొక శిశువు క్రోమోసోములు సరిగానే ఉన్నను, అయిదవ నెలలో పుట్టి మరణించినది. మిగిలిన పిండములో 46కు బదులు 69 క్రోమోసోములు ఉన్నవి. ఇట్టి పిండములు సహజ గర్భములలోనూ ఏర్పడతాయి. బరువులెత్తినందుననో, మెట్లెక్కినందుననో గర్భము పోయినదని కోడలిని నిందించే ఇండ్లు మనలో తక్కువ కావు. ఈ తల్లి మంచము దిగకపోయినను ఫలితము మారేది కాదు.

క్రోమోసోముల లోపములు తల్లి వయస్సుతో పెరుగుతాయి. నార్వేలో 2009-2013 నాటి గర్భములను లెక్కించగా, 25-29 ఏండ్లవారిలో గర్భస్రావము నూటికి సుమారు 10. 45 దాటినవారిలో సగమునకు పైగా. సంతాన చికిత్సకు వచ్చేవారిలో వయస్సు మీరినవారు ఎక్కువ. అందుచేత నష్టమంతా చికిత్స మీదనే మోపుట సరికాదు. పొగత్రాగుట, స్థూలకాయము, అదుపులేని మధుమేహము, థైరాయిడ్ లోపము కూడా అపాయమును పెంచేవే.

అయితే ముదిసినది గర్భాశయమా, అండమా? 1984లో దాత అండముతో శిశుజననము సాధ్యమైన తరువాత దీనికి సమాధానము దొరికినది. నలుబది దాటిన స్త్రీలలో యువతుల అండములతో కలిగిన గర్భములను పరిశీలించగా, గర్భస్రావము చాలవరకు దాత వయస్సునే అనుసరించినది.