ఫ్యానన్

గ్రీకులో ‘కనోన్’ అంటే కొలబద్ద. చర్చి ఆమోదించిన గ్రంథాల పట్టికకు ఆ మాటే ‘కానన్’గా స్థిరపడింది. 1911లో రోనాల్డ్ నాక్స్ షెర్లాక్ హోమ్స్ కథలను బైబిల్ పండితుల ఫక్కీలో సరదాగా తర్కించాడు. ఆ ఒరవడిలోనే, హోమ్స్ మీద కోనన్ డాయిల్ రాసిన 4 నవలలూ 56 కథలూ అభిమానులకిప్పుడు కానన్. వాళ్లు సొంతంగా అల్లుకున్నది, ఫ్యాన్ చేరి, ‘ఫ్యానన్’.

వికీలు రాసేవాళ్లకు ఈ తేడా ప్రాణం. స్టార్ ట్రెక్‌లో తెరమీద వచ్చినది మెమరీ ఆల్ఫా అనే వికీలో ఉంటుంది. అనుమతితో వెలువడిన నవలలు, కామిక్స్ మెమరీ బీటా అనే మరో వికీలో. అలాగని గోడ కట్టేసినట్టు కాదు. స్టార్ ట్రెక్ లోని సులు పాత్రకు ‘హికారు’ అన్న పేరు 1981లో వోండా మెకింటైర్ నవల పెట్టింది. 1991లో స్టార్ ట్రెక్ సినిమా దాన్ని ఖాయం చేసింది. అలాంటి పేజీలో పేరుతోపాటు దాని పుట్టుకా రాసి తీరాలి. మెకింటైర్‌కు దక్కాల్సిన గుర్తింపు అది.