జాతి వేరు, రాజ్యం వేరు: హైదరాబాదు చెప్పే పాఠం

మన వ్యాసాల్లో "జాతి", "రాజ్యం" అనే మాటలు ఒకదాని బదులు ఒకటి దొర్లిపోతున్నాయి. ఇది కేవలం పదప్రయోగ దోషమైతే తెలుగు ఉపాధ్యాయుడిగా ఎర్రసిరాతో దిద్ది ఊరుకునేవాణ్ణి. కాని ఈ గందరగోళం వల్ల లాభపడే వర్గాలున్నాయి. కనుక దీన్ని చరిత్రలో పెట్టి పరిశీలించవలసి ఉంది.

ఉమ్మడి భాష, భూభాగం, ఆర్థిక జీవితం, సంస్కృతిలో వ్యక్తమయ్యే మానసిక స్వభావం — వీటి ఆధారంగా చారిత్రకంగా రూపొందిన సుస్థిర జనసముదాయమే జాతి అని స్టాలిన్ 1913లో నిర్వచించాడు. రాజ్యం ఒక యంత్రాంగం. సరిహద్దు, చట్టం, పన్ను, పోలీసు, న్యాయస్థానం దాని అవయవాలు. నిర్ణీత భూభాగంలో బలప్రయోగానికి చట్టబద్ధమైన గుత్తాధికారం రాజ్యానిదేనని మాక్స్ వెబర్ 1919లో అన్నాడు. ఆ బలం ఏ వర్గం చేతిలో ఉందన్న ప్రశ్నను లెనిన్ 1917లోనే "రాజ్యం–విప్లవం"లో లేవనెత్తాడు.

ఈ తేడాకు హైదరాబాదును మించిన ఉదాహరణ లేదు. నిజాం రాజ్యం ఒక్కటే, అందులో తెలుగు, మరాఠీ, కన్నడ ప్రజలున్నారు, పాలనాభాష ఉర్దూ. 1921లో నగరంలో జరిగిన సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వెంకట రామారావు తెలుగులో మాట్లాడబోతే గేలిచేశారు. ఆ అవమానం నుంచి ఆంధ్ర జనసంఘం పుట్టింది. తనదైన రాజ్యం లేకుండానే తెలుగుజాతి తన్ను తాను గుర్తించుకుంది.

1948లో నిజాం పాలన కూలింది. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రం భాషల వారీగా మూడు ముక్కలై, తెలుగు జిల్లాలు ఆంధ్రప్రదేశ్‌లో చేరాయి. జాతికీ పాలనకూ ఒకే హద్దు కుదిరిందని చాలామంది సంబరపడ్డారు. కాని 1969 తెలంగాణ ఉద్యమం, 1972 జై ఆంధ్ర ఉద్యమం ఆ సంబరాన్ని ప్రశ్నించాయి. భాష ఒక్కటైనంత మాత్రాన ఉద్యోగాలు, నిధులు, నీళ్ళు సమంగా పంపిణీ కావు. దీనికి రాజ్యం చెప్పిన జవాబు 1973 నాటి ఆరు సూత్రాల పథకం. ఆ పథకం ఫలితంగా 1974లో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. తర్వాత గచ్చిబౌలిలో దాని ఆవరణ వెలసింది.

ఆ పక్కనే మాదాపూర్‌లో 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. హైటెక్ సిటీ విస్తరించింది. 2005 నాటి ప్రత్యేక ఆర్థిక మండళ్ళ చట్టం అటువంటి మండలాన్ని సుంకాల విషయంలో దేశ సుంక పరిధికి వెలుపలి భూభాగంగా పరిగణించమంటుంది. మాదాపూర్‌లోనూ అటువంటి మండళ్ళున్నాయి. ఏ జాతీ తన నేలను ఇలా విదేశం చేసుకోలేదు. రాజ్యం ఒక్క సెక్షనుతో చేయగలదు.

2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. హైదరాబాదు పదేళ్ళ ఉమ్మడి రాజధాని గడువు 2024లో ముగిసింది. ఇప్పుడు తెలుగువారికి రెండు రాష్ట్రాలు. మాదాపూర్ కార్యాలయంలో గుంటూరు అమ్మాయి, కరీంనగర్ అబ్బాయి పక్కపక్కనే పనిచేస్తారు. వారి భాష మారలేదు, "స్థానికత" లెక్క మారింది. ఆ భవనాలు కట్టిన ఒడిశా, బీహారు కూలీలకు తెలుగుజాతి పరాయిదే. కాని పోలీసు, గుర్తింపు కార్డు రూపంలో రాజ్యం వారికి రోజూ ఎదురవుతుంది.

2025 మార్చి చివర కంచ గచ్చిబౌలిలో జరిగింది ఈ దృష్టితో చూడాలి. విశ్వవిద్యాలయాన్ని ఆనుకున్న 400 ఎకరాల్లో ఐటీ పరిశ్రమల కోసం చెట్లు కొట్టించబోయింది తెలంగాణ ప్రభుత్వం. ఆ భూమి చట్టరీత్యా తనదేనంది. విద్యార్థులు అడ్డుకున్నారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు నరికివేతను ఆపింది. ప్రజల ఆకాంక్షతో వచ్చిన రాష్ట్రం, భూమి విషయంలో మాత్రం పాత పాలకుల బాటనే నడిచింది.

తెలంగాణ ఆకాంక్ష న్యాయమైనదే. దాన్ని తక్కువచేయడం నా ఉద్దేశం కాదు. అయితే ప్రజలు గెలుచుకున్నది రాష్ట్రం. రాజ్యయంత్రం స్వభావం దానంతటది మారదు. రాజ్యాన్నే జాతిగా భావిస్తే, భూమి గురించి అడిగినవాడు జాతిద్రోహి అవుతాడు. ఈ నింద ఎవరికి ఉపయోగపడుతుందో వేరే చెప్పనక్కరలేదు. జాతి పేర మాట్లాడేవారిని ముందుగా "ఏ వర్గం తరఫున?" అని అడగడం అభ్యుదయ రచయితల కర్తవ్యం.